వైరస్ పేగులో ఎక్కడ దిగింది?

రెండున్నర నెలల కుక్కపిల్ల. నిన్న పొద్దున పాలు ముట్టలేదు. మధ్యాహ్నానికి రెండుసార్లు కక్కింది. రాత్రి నీళ్ల విరేచనాలు మొదలయ్యాయి, తెల్లారేసరికి వాటిలో రక్తం పడింది. ఇలాంటి పిల్లను తువ్వాలులో చుట్టి పశువుల ఆసుపత్రికి తెచ్చినవాళ్లు డాక్టరు నోరు విప్పకముందే అడిగేస్తారు: "పార్వోనా సార్?"

చాలాసార్లు ఆ అనుమానం నిజమే అవుతుంది. కాని అదే వయసు పిల్లకు అవే లక్షణాలు కొంకిపురుగుల వల్లా రావచ్చు. జియార్డియా, కాక్సిడియా లాంటి ఏకకణ జీవుల వల్లా రావచ్చు. మింగిన ఎముక ముక్క అడ్డం పడినా, పేగులో ఒక భాగం పక్క భాగంలోకి చొచ్చుకుపోయినా వాంతులూ రక్తవిరేచనాలూ తప్పవు. కొన్నిటికి పెళ్లి భోజనంలో మిగిలిన మసాలా ముక్కలు చాలు. పోనీ వైరసే అనుకుందామా అంటే అక్కడా ఒక్కటి కాదు: పార్వో, కరోనా, డిస్టెంపర్, రోటా, ఆపైన ఈమధ్య బయటపడిన మరో గుంపు. బల్ల మీద పడుకున్న పిల్లను చూసి వీటిలో ఏదో చెప్పడం ఎంత అనుభవం ఉన్న వైద్యుడికైనా కుదరదు. "పార్వోని వాసనతోనే పట్టేస్తా" అనేవాళ్లు ఉంటారు. ఆ కంపు పేగు పొర చచ్చి, రక్తం లోపలే అరిగి బయటికి రావడం వల్ల పుట్టేది. ఆ పని చేసే రోగం ఏదైనా అలాగే కంపు కొడుతుంది.

కాబట్టి పరీక్షలు కావాలి. అయితే పరీక్ష ఏం చెబుతోందో తెలియాలంటే ముందు పేగు లోపలి పొర ఎలా బతుకుతుందో తెలియాలి.

చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. దాని నిండా కంటికి ఆనీ ఆనని సన్నటి మొలకలు లేచి ఉంటాయి. వీటిని చూషకాలు అంటారు. తిన్నది అరిగాక ఒంటికి పట్టించేది ఇవే. చూషకాల మొదళ్ల దగ్గర సన్నటి గుంటలుంటాయి. వాటిని పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు యోహాన్ లీబర్‌కూన్ పేరుతో పిలుస్తారు. కణాలు పుట్టేది ఈ గుంటల్లో. అక్కడ పుట్టిన కణం మెల్లగా పైకి జరుగుతూ చూషకం మీదికి ఎక్కి, పనిలోకి దిగి, కొనకు చేరి రాలిపోతుంది. ఈ ప్రయాణమంతా మూడు నుంచి అయిదు రోజుల్లో ముగుస్తుంది. అంటే గుంటలు నారుమడి, చూషకాలు నాటిన పొలం. పైరు కొనలు మేక మేసిపోతే నాలుగు రోజులకు మళ్లీ చిగురు కనిపిస్తుంది. నారుమడే మాడిపోతే, పొలంలో ఉన్నది పోయాక నాటడానికి ఏమీ మిగలదు.

కరోనా, రోటా వైరస్‌లు చూషకాల కొనలమీద పడతాయి. పార్వో గుంటల్లోకి దిగుతుంది. ఒకటి నాలుగు రోజుల ఇబ్బందిగా తేలిపోవడానికీ, రెండోది పిల్లలను చంపడానికీ ఉన్న తేడాలో పెద్ద భాగం ఇదే.

పార్వో గుంటలనే ఎందుకు వెతుక్కుంటుంది? ఎందుకంటే అది నిరుపేద వైరస్. దాని అడ్డకొలత మీటరులో వంద కోట్ల వంతులు పాతిక, అంతే. లోపల ఉన్న జన్యుపదార్థం ఒంటిపోగు డీఎన్ఏ, సుమారు 5,000 అక్షరాలు. సొంతంగా డీఎన్ఏను నకలు తీసుకునే ఎంజైము కూడా దాని దగ్గర లేదు. విభజనకు సిద్ధమవుతూ తన డీఎన్ఏను తాను నకలు తీసుకుంటున్న కణం దొరికితే, ఆ సామగ్రితోనే తన పనీ కానిచ్చుకోవాలి. విశ్రాంతిగా ఉన్న కణం దానికి పనికిరాదు. అందుకే ఒంట్లో కణవిభజన జోరుగా సాగే చోట్లన్నీ దాని చోట్లు: పేగు గుంటలు, ఎముక మజ్జ, థైమస్, లింఫు గ్రంథులు. పుట్టిన కొత్తలో గుండె కండరం కూడా. తల్లిపాలు మాని బయటి తిండికి మళ్లే వయసులో పేగు గుంటల్లో విభజన మరీ వేగం అందుకుంటుంది. ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు పిల్లలే ఎక్కువగా దీని పాలబడటానికి అదొక కారణం.

ఇంతా చేసి పార్వో కొత్త రోగం. మన తాతల కాలంలో వీధికుక్కలకు గజ్జి ఉంది, పిచ్చి ఉంది, డిస్టెంపర్ ఉంది. ఈ రోగం లేదు. 1978లో అమెరికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ, యూరప్‌లోనూ ఒక్కసారిగా కుక్కలు రక్తవిరేచనాలతో చనిపోవడం మొదలైంది. పిల్లలే కాదు, పెద్దవీ పోయాయి, ఎందుకంటే ఏ కుక్క ఒంట్లోనూ దీన్ని ఎదిరించే ప్రతిరక్షకాలు లేవు. తల్లుల్లోనే లేనప్పుడు పుట్టినవాటికి ఎక్కడినుంచి వస్తాయి? అప్పటిదాకా ఆడుకుంటున్న నాలుగు వారాల పిల్ల ఉన్నట్టుండి కూలిపోయేది. కోసి చూస్తే గుండె కండరం దెబ్బతిని ఉండేది. ఆ గుండె రూపం ఇప్పుడు అరుదు. తల్లులు దాదాపు అన్నీ టీకాతోనో రోగంతోనో ప్రతిరక్షకాలు సంపాదించుకుని ఉండటంతో, గుండె కణాలు విభజన చెందే ఆ మొదటి వారాలను పిల్లలు తల్లిపాల అండతో దాటేస్తున్నాయి.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద విరేచనాన్ని చూస్తే చిన్న గుండ్రటి వైరస్ కణాలు గుంపులుగా కనిపించాయి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో మ్యాక్స్ ఆపెల్, లీలండ్ కార్మికేల్ బృందం దాన్ని వేరుచేసి, టీకా పని చేపట్టింది. కుక్కల పార్వోవైరస్-2 అని పేరు పెట్టారు, ఎందుకంటే 1967లో కుక్కల మలంలో దొరికిన మరో బుల్లి వైరస్ అప్పటికే ఒకటో నంబరు. కొత్త వైరస్ ఎక్కడినుంచి ఊడిపడిందన్న ప్రశ్నకు జవాబు పిల్లుల వైపు చూపించింది. పిల్లుల్లో తెల్లరక్తకణాలను ఊడ్చేసే పాన్‌ల్యూకోపీనియా అనే పాత రోగం ఒకటుంది. దాని వైరస్‌కూ దీనికీ తేడా అతి స్వల్పం. వైరస్ పై తొడుగు ప్రొటీనులో కొద్దిపాటి అమైనో ఆమ్లాలు మారాయి, దాంతో కుక్క కణాల మీద ఇనుమును లోపలికి చేరవేసే ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాన్ని పట్టుకునే వీలు చిక్కింది. నేరుగా పిల్లి నుంచే దూకిందా, దాని దగ్గరి బంధువు ఏదైనా అడవి మాంసాహారి నుంచి వచ్చిందా అన్నది వేరే సంగతి. టీకా తయారయ్యేలోగా పిల్లుల టీకానే కుక్కలకు వేసి కొంత నెట్టుకొచ్చారంటే ఆ చుట్టరికం ఎంత దగ్గరిదో ఊహించుకోవచ్చు.

నిజానికి 1978 అనేది మనుషులకు తెలిసిన ఏడు మాత్రమే. వేరే పనుల కోసం దాచిపెట్టిన పాత కుక్కల సీరం నమూనాలను తర్వాత వెలికితీసి పరీక్షిస్తే గ్రీసులో 1974 నాటి నమూనాల్లో, బెల్జియంలో 1976 నాటి వాటిలో ఈ వైరస్‌కు ప్రతిరక్షకాలు కనిపించాయి. ఒక రోగం పుట్టుకను ఇలా ఫ్రిజ్‌ల్లోంచి వెనక్కి లెక్కగట్టడం వైరస్‌ల చరిత్రలో నాకు చాలా ఇష్టమైన పని. మన దేశంలో మద్రాసు పశువైద్యులు 1981, 1982 సంవత్సరాల్లోనే దీని గురించి పత్రికల్లో రాశారు. రెండు మూడేళ్లలో భూగోళం చుట్టేసిందన్నమాట.

అంత వేగం దానికి ఎలా వచ్చిందంటే, రోగం ముదిరిన కుక్క మలంలో గ్రాముకు వంద కోట్ల దాకా వైరస్ కణాలు ఉండగలవు. ఈ వైరస్‌కు కొవ్వు తొడుగు లేదు, కాబట్టి సబ్బుకూ ఆల్కహాలుకూ లొంగదు. నేలమీద, గోనెసంచిలో, చెప్పు అడుగున నెలల తరబడి బతికే ఉంటుంది. రోగంతో ఉన్న కుక్క మన ఇంటికి రానక్కర్లేదు, వీధిలో అది కూర్చున్న చోటు తొక్కి మనం ఇంటికొస్తే చాలు. ఇంట్లో వాడే ఫినాయిలు మీద భరోసా పెట్టుకోవద్దు. నమ్మదగింది బ్లీచింగ్ ద్రావణం: ఒక పాలుకు ముప్పై పాళ్ల నీళ్లు కలిపి, ముందు మలం శుభ్రంగా కడిగేశాక పోసి, పది నిమిషాలు తడిగా ఉంచాలి.

మొదటి రకం వైరస్ ఎక్కువ కాలం నిలవలేదు. 1980 ప్రాంతానికే 2ఎ అనే రూపం దాన్ని తోసేసింది, 1984లో 2బి, 2000లో ఇటలీలో 2సి బయటపడ్డాయి. తమాషా ఏమిటంటే మొదటి రూపం పిల్లుల్లో పెరగలేకపోయింది, ఈ కొత్త రూపాలు మళ్లీ పిల్లులకూ సోకగలవు. మన దేశంలో చాలాకాలం 2ఎ దే పైచేయి, తర్వాత 2సి కూడా కనిపించింది. "కొత్త స్ట్రెయిన్ వచ్చింది, పాత టీకా పనిచేయదు" అని పెట్ షాపుల్లో వినిపించే మాటను పట్టించుకోనక్కర్లేదు. ఇప్పుడు వాడుకలో ఉన్న టీకాలు ఈ రూపాలన్నిటి నుంచీ కాపాడుతున్నాయి.

ఇక రోగం రోజులవారీగా ఎలా నడుస్తుందో చూద్దాం. పరీక్ష గురించి మాట్లాడటానికి ఈ లెక్కే ఆధారం. నోటిద్వారా వెళ్లిన వైరస్ మొదటి ఒకటి రెండు రోజులు గొంతు చుట్టుపక్కల లింఫు కణజాలంలో పెరుగుతుంది. ఆ తర్వాత రక్తంలోకి దిగి మజ్జకూ పేగు గుంటలకూ చేరుతుంది. మూడో నాలుగో రోజునుంచే మలంలో బయటపడుతుంది. అప్పటికి పిల్ల ఇంకా ఆడుకుంటూనే ఉంటుంది. నాలుగైదు రోజుల నుంచి వారం లోపు మొదట నీరసం, జ్వరం, వాంతి, ఆపైన విరేచనాలు. అంటే ఇంట్లోవాళ్లు "నిన్ననే మొదలైంది" అని చెప్పే రోగానికి అప్పటికి అయిదారు రోజుల వయసుంటుంది. మలంలో వైరస్ రావడం వారం పదిరోజుల్లో బాగా తగ్గిపోతుంది.

గుంటలు చచ్చాక చూషకాలు పొట్టివైపోతాయి, పొర ఊడుతుంది, రక్తం, ప్రొటీన్లు, నీరు, లవణాలు లోపలినుంచి కారిపోతాయి. ఊడిన పొరగుండా పేగులోని బ్యాక్టీరియా రక్తంలోకి చొరబడుతుంది. సరిగ్గా అదే సమయానికి వాటిని అడ్డుకోవాల్సిన తెల్లరక్తకణాలు లేవు. న్యూట్రోఫిల్ అనే రక్షక కణం రక్తంలో ఉండేది కొన్ని గంటలే, మజ్జ ఎప్పటికప్పుడు కొత్తవాటిని పంపుతూ ఉండాలి. మజ్జ మీద వైరస్ పడింది, ఉన్న కాసిని కణాలను దెబ్బతిన్న పేగు లాగేసుకుంటోంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క రక్తంలో మైక్రోలీటరుకు సుమారు 6,000 నుంచి 17,000 తెల్లకణాలుంటాయి. తీవ్రమైన పార్వోలో అవి వెయ్యి రెండు వేలకు, ఇంకా కిందికి పడిపోతాయి. పిల్లను చంపేది చాలావరకు నీటి కొరతా, రక్తంలో చేరిన బ్యాక్టీరియానే.

అందుకే పార్వో అనుమానంలో రక్తపరీక్షకు అంత విలువ. మామూలు సీబీసీయే, అంటే రక్తకణాల లెక్క. చిన్న క్లినిక్కుల్లో కూడా చాలాచోట్ల చేస్తారు, లేదా దగ్గరి ల్యాబుకు పంపుతారు. విరేచనాలతో వచ్చిన పిల్లలో తెల్లకణాలు బాగా పడిపోయి ఉంటే పార్వోకు అది గట్టి సాక్ష్యం. పడిపోలేదని మాత్రం కొట్టిపారేయకూడదు, మొదటి రోజు మామూలుగా ఉండి రెండో రోజుకు దిగజారడం ఉంది. రోజు విడిచి రోజు చూసుకుంటూ పోతే ఇదే పరీక్ష పిల్ల గట్టెక్కుతుందో లేదో కూడా ముందే చెబుతుంది: తెల్లకణాలు లేవడం మొదలైతే మజ్జ తేరుకుంటున్నట్టు. దీనికి భిన్నంగా, క్లాస్ట్రీడియం బ్యాక్టీరియా విషంతో హఠాత్తుగా వచ్చే రక్తవిరేచనాల్లో రక్తం చిక్కబడుతుంది, ఎర్రకణాల శాతం బాగా పెరుగుతుంది. విరేచనం రంగు రెండింట్లోనూ ఒకటే, రక్తం కథ వేరు.

ఇప్పుడు అందరికీ తెలిసిన కిట్టు. పేపర్ స్ట్రిప్పు మీద రెండు గీతలు పడే ఆ చిన్న ప్లాస్టిక్ పలక గర్భపరీక్ష కిట్టు సూత్రంమీదే పనిచేస్తుంది. దూదిపుల్లతో మలద్వారం లోంచి కాస్త మలం తీసి, ద్రావణంలో కలిపి, చుక్కలు వేస్తారు. ద్రవం స్ట్రిప్పు వెంట పాకుతూ దారిలో ఉన్న బంగారు రేణువులను కలుపుకుపోతుంది. ఆ రేణువులకు పార్వోను పట్టే ప్రతిరక్షకాలు అంటించి ఉంటాయి. మలంలో వైరస్ ఉంటే రేణువులు దానికి అతుక్కుంటాయి. 'టి' గీత దగ్గర కాగితంలోనే మరో ప్రతిరక్షకం కాపు కాస్తుంది, అక్కడ ఈ జంట ఇరుక్కుని గులాబిరంగు గీత తేలుతుంది. 'సి' గీత కిట్టు పనిచేసిందని చెప్పడానికి మాత్రమే. అది పడకపోతే ఆ ఫలితాన్ని పారేసి మరో కిట్టు తీయాలి. 'టి' గీత ఎంత పలచగా పడినా, చెప్పిన నిమిషాల్లోపు పడితే, ఉన్నట్టే లెక్క.

గీత పడితే నమ్మవచ్చు, దాదాపుగా. గీత పడకపోతే నమ్మకూడదు. ఈ ఒక్క వాక్యాన్ని కుక్కపిల్లను కొన్న ప్రతి ఇంట్లోనూ తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే "కిట్టులో నెగెటివ్ వచ్చింది కదా" అని ఇంటికి తీసుకెళ్లిపోయిన పిల్లలు కొన్ని రెండో రోజుకు లేవవు. వైరస్ ఉండి కూడా గీత పడకపోవడానికి కారణాలు ఈపాటికి పాఠకులే ఊహించగలరు. మరీ తొలిరోజు వైరస్ ఇంకా చాలినంత బయటికి రాదు. ఆలస్యంగా తెస్తే రావడం ఆగిపోయి ఉంటుంది. నడుమ రోజుల్లో మరో చిక్కు: రక్తం కారడం వల్ల పిల్ల సొంత ప్రతిరక్షకాలు కూడా పేగులోకి వచ్చిపడతాయి, అవి వైరస్‌ను ముందే చుట్టేస్తాయి, కిట్టులోని ప్రతిరక్షకాలకు పట్టుకునే చోటు మిగలదు. రోగం బాగా ముదిరిన పిల్లలోనే గీత పడకపోవడం ఇలా జరుగుతుంది. నీళ్లలా పోతున్న విరేచనంలో వైరస్ పలచబడటం కూడా ఉంది. పరిశీలనల్లో ఈ కిట్లు పీసీఆర్ అనే జన్యుపరీక్ష పట్టినవాటిలో సగాన్ని వదిలేసిన సందర్భాలున్నాయి. అనుమానం బలంగా ఉంటే ఒకటి రెండు రోజులాగి మళ్లీ చేయాలి, ఈలోగా పిల్లను పార్వో ఉన్నట్టే విడిగా ఉంచి వైద్యం నడపాలి.

గీత పడినా నమ్మకూడని సందర్భం ఒక్కటే ఉంది. పార్వో టీకాలో ఉండేది బలహీనపరచిన సజీవ వైరస్. అది పేగులో కొద్దిగా పెరిగి మలంలో వస్తుంది. టీకా వేసిన నాలుగైదు రోజుల నుంచి పది పన్నెండు రోజుల దాకా కిట్టులో పలచటి గీత రావచ్చు. కాబట్టి డాక్టరు "టీకా ఎప్పుడు వేయించారు?" అని అడిగేది ఫైలు నింపడానికి కాదు, కార్డు వెంట తీసుకెళ్లండి.

పీసీఆర్ వైరస్ డీఎన్ఏను కోట్ల రెట్లు పెంచి చూస్తుంది కాబట్టి కిట్టు వదిలేసినదాన్ని పట్టేస్తుంది. వెటర్నరీ కాలేజీల ల్యాబుల్లోనూ, నగరాల్లో కొన్ని ప్రైవేటు ల్యాబుల్లోనూ చేస్తారు. దాని ఇబ్బంది అతిగా పట్టేయడం. టీకా వైరస్‌ను, కోలుకున్న కుక్కలో వారాల తరబడి మిగిలిన ఆనవాళ్లను కూడా చూపిస్తుంది. ఎన్నో విడతకు సంకేతం కనిపించిందన్న అంకె అడిగి తెలుసుకుంటే వైరస్ ఎంత ఉందో అంచనా దొరుకుతుంది: త్వరగా కనిపిస్తే ఎక్కువ, ముప్పై దాటి ఎప్పటికో కనిపిస్తే దాన్ని నేరస్థుడిగా నిలబెట్టే ముందు ఆలోచించాలి. టీకా వైరస్‌నూ రోగ వైరస్‌నూ విడదీసే ప్రత్యేక పీసీఆర్‌లు కూడా ఉన్నాయి.

కిట్లూ పీసీఆర్‌లూ రాకముందు చేసిన పరీక్ష ఒకటి చెప్పకుండా ఉండలేను. పార్వోవైరస్‌కు పంది ఎర్రరక్తకణాలను ఒకదానికొకటి అతికించే గుణం ఉంది, చల్లగా, 4 డిగ్రీల దగ్గర ఉంచితే. గుంటల పళ్లెంలో మలం ద్రావణాన్ని వరసగా పలచబరుస్తూ పంది రక్తకణాలు వేస్తారు. వైరస్ లేనిచోట కణాలు జారి అడుగున చిన్న బొట్టుగా చేరతాయి. ఉన్నచోట వలలా అల్లుకుని పైనే పరచుకుంటాయి. తెలిసిన ప్రతిరక్షకం కలిపితే ఆ అల్లిక ఆగిపోవాలి, అప్పుడే అది పార్వో అని ఖాయం. ఖరీదైన యంత్రం ఏదీ లేకుండా, కబేళా నుంచి తెచ్చిన రక్తంతో ఇంత కచ్చితమైన పని జరిగేది.

ఒకే ఈతలో పిల్లలు వరసగా పోతుంటే, చనిపోయినదాన్ని పోస్టుమార్టానికి ఇవ్వడం మిగిలినవాటికి చేసే మేలు. పేగు ముక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే కూలిపోయిన గుంటలు కనిపిస్తాయి. ఆ కణజాలంలోనే వైరస్‌ను రంగుతో చూపించే పద్ధతీ ఉంది.

టీకా వేయించినా పార్వో వచ్చిందని బాధపడే ఇళ్లు చాలా. అది టీకా లోపం కాకపోవచ్చు. తల్లి మొదటి పాలలో వచ్చిన ప్రతిరక్షకాలు పిల్లలో సుమారు పది రోజులకు సగం చొప్పున తరుగుతాయి. అవి బాగా ఉన్నంతకాలం రోగం రాదు, టీకా కూడా ఎక్కదు. తగ్గుతూ తగ్గుతూ ఒక దశకు చేరతాయి: వీధి వైరస్‌ను ఆపేంత లేవు, కాని టీకా వైరస్‌ను అణచేంత ఉన్నాయి. ఈ రెండింటి నడుమ ఖాళీ రోజులే ప్రమాదం. అవి ఒక్కో పిల్లకు ఒక్కో వారంలో వస్తాయి, ఒకే ఈతలో కూడా తేడా ఉంటుంది. అందుకే ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి రెండు నుంచి నాలుగు వారాలకొకటి చొప్పున, పదహారు వారాల వయసు నిండేదాకా వేస్తూ పోవాలంటారు. రెండు డోసులు వేసి "కోర్సు అయిపోయింది" అని కార్డు మూసేయడమే మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు.

వైద్యం సంగతి ఈ అధ్యాయానికి బయటిది, రెండు మాటలు మాత్రం. వైద్యం లేకపోతే రోగపడ్డ పిల్లల్లో చాలావరకు చనిపోతాయి. సెలైన్, వాంతి ఆపే మందు, యాంటీబయోటిక్, వీలైనంత త్వరగా కొద్దికొద్దిగా తిండి పడితే ఎక్కువ భాగం బతుకుతాయి. వైరస్‌నే పట్టే ఏకరూప ప్రతిరక్షకం ఒకదానికి 2023లో అమెరికా షరతులతో అనుమతి ఇచ్చింది. మనుషులకు వాడే విరేచనాల మాత్ర మాత్రం ఇంట్లో వేయకండి. కోలీ లాంటి జాతుల్లో అది నేరుగా మెదడుకు ఎక్కుతుంది.

కరోనా దగ్గరికి వద్దాం. కుక్కల పేగు కరోనావైరస్‌ను 1971లో జర్మనీలోని సైనిక కుక్కల్లో మొదట గుర్తించారు. కోవిడ్ తెచ్చినదానితో దీనికి దూరపు చుట్టరికమే, కుటుంబం ఒకటి, శాఖ వేరు. కొనల కణాలను కొట్టి నాలుగైదు రోజులు నారింజ పసుపు విరేచనాలు తెప్పించి వెళ్లిపోతుంది. తెల్లకణాలు పడిపోవు. ఒంటరిగా వస్తే పెద్ద భయం లేదు, పార్వోతో కలిసి వస్తే రెండు చేతులతో కొట్టినట్టే. మలంలో ఆర్‌ఎన్‌ఏ వెతికే పీసీఆర్‌తో పట్టవచ్చు, కాని ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లోనూ దొరుకుతుంది. దీని టీకాను ప్రపంచ చిన్నజంతు పశువైద్య సంఘం సిఫారసు చేయదు. కాంబినేషన్ ఇంజెక్షన్‌లో ఎన్ని రోగాలు ఎక్కువుంటే అంత మంచిదని కొనేవాళ్లు ఇది గమనించాలి. అయితే కరోనావైరస్‌లకు మారే గుణం ఎక్కువ. 2005లో ఇటలీలో ఒక రూపం పేగు దాటి ఒళ్లంతా పాకి పిల్లలను చంపింది. మలేసియాలో నిమోనియా రోగుల నమూనాల్లో కుక్కల కరోనాను పోలిన వైరస్ దొరికిందని 2021లో ప్రకటించారు.

డిస్టెంపర్ పేగు వైరస్ కాదు, కాని పేగు వేషంలో వస్తుంది. మన తట్టు వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. ఫ్రాన్స్‌లో ఆన్రీ కారే 1905లో వడపోతకు చిక్కని సూక్ష్మజీవి దీనికి కారణమని చూపించాడు. జ్వరం, విరేచనాలు, రక్తపరీక్షలో తగ్గిన తెల్లకణాలు. పార్వో కిట్టు నెగెటివ్. ఇక్కడ వైద్యుడు పిల్ల కళ్లలోకి చూడాలి. చీములాంటి పుసి, ముక్కు కారడం, దగ్గు ఉంటే దారి మారుతుంది. తర్వాతి వారాల్లో ముక్కు, పాదాల మెత్తలు గట్టిపడటం, కణతల దగ్గర కండరం అదరడం, మూర్ఛలు. మలం మీద ఎన్ని కిట్లు వాడినా లాభం లేదు, కంటి లోపలి రెప్ప నుంచి తీసిన నమూనాతో పీసీఆర్ చేయాలి. సింహాలను కూడా వదలని వైరస్ ఇది: 1994లో సెరెంగెటిలో, 2018లో మన గిర్ అడవిలో.

రోటా గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, పన్నెండు వారాల లోపు పిల్లల్లో తేలికపాటి విరేచనాలు. పసిపిల్లల్లో దీనికి వేసే రోటావాక్ టీకా హైదరాబాదులోనే తయారవుతుంది. ఆ రోటా, ఈ రోటా ఒకే గుంపువి, పసిపిల్లల మలపరీక్ష కిట్లు కుక్కపిల్లల రోటాను కూడా పట్టగలవు. కుక్కల రకాలు అప్పుడప్పుడు పసిపిల్లల్లో దొరకడమూ ఉంది, కాబట్టి ఇంట్లో పాకే బిడ్డ ఉంటే విరేచనాల కుక్కపిల్లను దూరంగా ఉంచడం మంచిది. పార్వోతో ఆ భయం లేదు, మనుషుల పార్వో బి19 పూర్తిగా వేరే వైరస్.

మిగిలింది కొత్త గుంపు. జన్యుక్రమాలను గంపగుత్తగా చదివే యంత్రాలు వచ్చాక కుక్కల మలంలో వైరస్‌లు కుప్పలుగా దొరకసాగాయి: నోరో, ఆస్ట్రో, 2011లో కోబు, 2012లో సర్కో. వీటిలో చాలావాటిని సుబ్బరంగా తిని తిరుగుతున్న కుక్కల్లో కూడా చూశారు. దొరికింది కాబట్టి అదే కారణం అనడానికి వీల్లేదు, అలాగని అమాయకమైనదని కొట్టేయనూ లేము. సర్కో పార్వోతో కలిసినప్పుడు రోగం ముదురుతుందా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

దొరికినదాన్ని దోషి అని ఎలా తేల్చాలో 2020 జనవరిలో ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతంలో ఒక మంచి ఉదాహరణ దొరికింది. తన క్లినిక్కుకు ఆగకుండా వాంతులు చేసుకునే కుక్కలు మామూలుకన్నా ఎక్కువ వస్తున్నాయని ఒక పశువైద్యుడికి అనిపించింది. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో పశువైద్యశాలల కంప్యూటర్ రికార్డులను రోజూ సేకరించి గమనించే బృందానికి ఆ మాట చేరవేశాడు. వాళ్లు దేశమంతటి రికార్డులు తిరగేస్తే నిజంగానే వాంతుల కేసులు ఎప్పుడూ ఉండే స్థాయిని దాటి ఉన్నాయి. అప్పుడు రోగపు కుక్కల యజమానులతోబాటు రోగం లేని కుక్కల యజమానులకూ అవే ప్రశ్నలు పంపారు: ఏం తిన్నది, ఎక్కడ తిరిగింది, ఎవరిని కలిసింది. రెండు గుంపుల నుంచీ నమూనాలు తెప్పించారు. తిండి వైపు దారి దొరకలేదు. పీసీఆర్‌లో కుక్కల పేగు కరోనా రోగపు కుక్కల్లో ఎక్కువగా, మిగిలినవాటిలో తక్కువగా వచ్చింది. జన్యుక్రమం చదివితే వేర్వేరు ఊళ్ల రోగపు కుక్కల్లో చాలావాటి వైరస్‌లు ఒకే గూటివని తేలింది. మామూలుగా ఏమీ చేయదనుకునే వైరస్‌లో ఒక రకం కాస్త రెచ్చిపోయి దేశం మీద తిరిగిందన్నమాట. ఎక్కువ కుక్కలు కోలుకున్నాయి, మార్చి నాటికి కేసులు తగ్గాయి.